ముసురు వారానికి టీకా తాత్పర్యం

మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు మేఘసందేశానికి ఆయన సంజీవని వ్యాఖ్య రాసి ఉండకపోతే ఆ మేఘం ఎటు పోయిందో మనలో చాలామందికి అంతుబట్టేది కాదు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నేనూ మేఘానికే వ్యాఖ్య రాస్తున్నాను గాని ఆ ఒట్టు జోలికి పోను. పోతే ఈ వ్యాసం నాలుగు వాక్యాల్లో తెమిలిపోతుంది. బయట పట్టిన ముసురు నాలుగు రోజులైనా తెమలడం లేదు, నాకేం తొందర?

మూలము:

రాగల మూడు రోజుల్లో సూర్యాపేట, నల్గొండ జిల్లాల్లో అక్కడక్కడా తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది. పగటి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే తక్కువగా నమోదవుతాయి.

ఇది ఏ ఒక్క తేదీ నాటి ప్రతీ కాదు. టీవీ అడుగున పరిగెత్తే ప్రతి, వాట్సాప్ ప్రతి, జిల్లా ఎడిషన్ ప్రతి, బస్సులో పక్కసీటాయన నోటి ప్రతి, ఏళ్ల తరబడి విన్న ఇన్నింటినీ సరిచూసి నేను పరిష్కరించిన పాఠం. కవి పేరు తెలియదు. బేగంపేట వాతావరణ కేంద్రం ఆస్థానంలో ఉంటాడని ప్రతీతి. ఇందులో రసం ఏదన్న దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. మేడ మీద కూచుని పకోడీలు తినేవాళ్లు శృంగారమన్నారు. కల్లంలో వడ్లున్నవాళ్లు భయానకమన్నారు. నేను రెండో పక్షం.

అవతారిక:

2025 అక్టోబరు 16న నైరుతి రుతుపవనాలు దేశం మొత్తం మీద సెలవు పుచ్చుకున్నాయి. ఆ రోజే ఈశాన్యం అడుగుపెట్టింది. డ్యూటీ మారేటప్పుడు ఒకరు దిగకముందే ఇంకొకరు ఎక్కినట్టు. ఇక వాన పని అయిపోయిందనుకుని మా వైపు కోత మిషన్లు పొలాల్లోకి దిగాయి. పన్నెండు రోజులకు, 28వ తేదీ రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. (పాఠాంతరాలు: మోంథా, మొంతా. తుపాను, తుఫాను, తుఫాన్. ఏ పత్రిక ప్రతి దానిదే.) అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం అని మెట్లెక్కి, గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే గాని దానికి నామకరణం చెయ్యరు. అంతవరకు పురిటిబిడ్డే. ఈ పేరు పెట్టింది థాయిలాండ్. అర్థం ఒక పరిమళ పుష్పమట. తీరం నుంచి మా దాకా వచ్చేసరికి గాలి బలం తగ్గింది గాని నీళ్ల బరువు తగ్గలేదు. ఆ పరిమళం ఎలా ఉంటుందో మావాళ్లకు వారం తర్వాత పరదాలు ఎత్తినప్పుడు తెలిసింది. తడిసిన వడ్లకు ముక్కవాసన ఒకటుంటుంది. ఒకసారి పీలిస్తే ఏ నిఘంటువూ అక్కర్లేదు.

కాళిదాసు యక్షుడు తన మేఘాన్ని కాస్త దారి మళ్లినా సరే, ఉజ్జయిని చూసి పొమ్మన్నాడు. మా మేఘానికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అదే అన్ని ఊళ్లూ చూసుకుంటూ పోయింది.

ప్రతిపదార్థము:

రాగల = వచ్చే శక్తి గలిగిన. శక్తి ఉంది, వచ్చే మనసుందో లేదో మూలం చెప్పదు. రోజులు మాత్రం తప్పక వస్తాయి కనుక ఈ ఒక్క పదంలో కవిని తప్పుపట్టలేం.

సూర్యాపేట = సూర్యుడి పేట. పాత పేరు భానుపురి, అదీ ఆయన పేరే. నాలుగు రోజులుగా ఆ పేటలో ఆయన జాడ లేదు. పేరులో ఉండి ఊళ్లో లేకపోవడాన్ని మన అలంకారికులు ఏమంటారో గాని ఊరివాళ్లు "మొగులైంది" అంటారు. పక్కనే పిల్లలమర్రి, కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరు. పిల్లలమర్రి పినవీరభద్రుడిది ఆ ఊరేనంటారు. శాకుంతలాన్ని తెలుగు చేసిన చెయ్యి ఇంత దగ్గర్లో ఉండి కూడా మా వాతావరణానికి ఇంత పొడి వాక్యం దొరికిందే అని బాధ. వాక్యం ఒక్కటే పొడిగా ఉంది మరి, మిగతావన్నీ తడే.

నల్గొండ = నల్లని కొండ. పాఠాంతరం నల్లగొండ. 2016 అక్టోబరు 11కు ముందు సూర్యాపేటా, కోదాడా కూడా ఈ పదంలోనే ఇమిడి ఉండేవి. ఇప్పుడు ఆ రెండూ సూర్యాపేట జిల్లాకు పోగా మిర్యాలగూడ ఇందులో ఉండిపోయింది. మూలంలో కోదాడ పేరూ లేదు, మిర్యాలగూడ పేరూ లేదు. అధ్యాహారం చేసుకోవాలి. అంటే చెప్పకపోయినా మనకే అని అనుకోవాలి.

అక్కడక్కడా = ఇక్కడే ఆగాలి. అక్కడ అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఇలా రెట్టించినప్పుడు రెండోదాన్ని వ్యాకరణం ఆమ్రేడితం అంటుంది. వాతావరణ శాఖ లెక్క వేరు. ఒక ప్రాంతంలో వానను కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు తడిస్తే అది మొదటి మెట్టు. సగం దాకా తడిస్తే రెండోది, ముప్పావు దాకా మూడోది, అంతకు మించితే నాలుగోది. ఈ మొదటి మెట్టుకే తెలుగులో అక్కడక్కడా అనో, ఒకటి రెండు చోట్ల అనో అంటారు. నాలుగు కేంద్రాల్లో ఒకటి. లెక్కగా చూస్తే చక్కని మాట. కాని కేంద్రం తడవడం వేరు, కల్లం తడవడం వేరు.

మా మేనమామ ఊరు కోదాడ పక్కన. రోడ్డు వారగా వడ్లు ఆరబోసి, పరదా సగం తీసి, పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడూ, ఫోన్ల ఏమంటుండ్రు?"

"అక్కడక్కడా పడ్తదంటుండ్రు మామా."

"ఇక్కడ అనలే గదా?"

"అనలే."

"మరింకేంది, మిగిలింది గూడ తీస్త."

తీశాడు. మధ్యాహ్నం మూడింటికి పడింది. పది నిమిషాలే. నాలుగు ఊళ్ల అవతల దుమ్ము లేచిపోతోందని ఆ ఊరి వియ్యంకుడు చెప్పాడు. మామ మళ్లీ ఫోన్ చేసి, "గా అక్కడంటే మన కాడనేనారా?" అని అడిగాడు. వ్యాఖ్యాతగా నా జీవితంలో ఎదురైన అతి కష్టమైన శంక అది. ఎక్కడివాడికి అక్కడ అది ఇక్కడే. శాస్త్రానికి తెలియని సంగతేం కాదు ఇది. మేఘం ఏ మండలం మీద విప్పుకుంటుందో మూడు రోజుల ముందు చెప్పడం ఎవరి వల్లా కాదు గనక, నిజాయితీగా ఆ మాట పెట్టారు. నిజాయితీ వల్ల వడ్లు ఆరవు, అంతే.

తేలికపాటి నుంచి మోస్తరు = ఇరవై నాలుగు గంటల్లో 2.5 మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా తేలిక. అక్కణ్నుంచి 64.4 దాకా మోస్తరు. ఆపైన భారీ, 115.5 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అంటే ఈ మూడు మాటల కింద రెండున్నర నుంచి దాదాపు అరవై నాలుగున్నర దాకా ఏదైనా పట్టవచ్చు. పెళ్లికొడుకు జీతం వెయ్యి నుంచి పాతిక వేల దాకా ఉంటుందని చెప్పినట్టు.

సరే, పైమెట్ల సంగతి అందరూ రాస్తారు, పత్రికలు మొదటి పేజీలో రాస్తాయి. నా ఫిర్యాదు అడుగు మెట్టు గురించి. శాస్త్రంలో "వాన పడిన రోజు" అనిపించుకోవాలంటే కనీసం 2.5 మిల్లీమీటర్లు పడాలి. రెండు మిల్లీమీటర్లు పడితే ఆ రోజు లెక్కలో వాన రోజు కాదు. ఇప్పుడు ముసురు తీసుకోండి. ముసురు కురవదు, పడుతుంది; పడుతుంది అని కూడా అనం, "పట్టింది" అంటాం, దయ్యం పట్టినట్టు. పొద్దున తుంపర, పదకొండింటికి ఆగుతుంది, బట్టలు తీగ మీద వేస్తే చాలు చూసుకుని మళ్లీ మొదలవుతుంది. ఇట్లా రోజంతా కలిపి రెండు మిల్లీమీటర్లు. నాలుగు రోజులు ఇదే తంతు. నెలాఖరు పట్టికలో ఆ నాలుగు రోజుల ఎదుటా వాన రోజు అని ఉండదు. బులెటిన్ నిఘంటువులో ముసురు అన్న పదమే లేదు.

ఆ రెండు మిల్లీమీటర్లను కల్లంలో చూద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు నీళ్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పున వడ్లు పరిచారనుకోండి, రెండు మిల్లీమీటర్లకు రెండు వందల లీటర్లు. అంటే షాపుల్లో పెట్టే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు పది తెచ్చి, నిదానంగా, ఒక్క గింజనూ విడవకుండా వడ్ల మీద చల్లినట్టు. అది వాన రోజు కాదు, చిత్తగించండి.

అవకాశం ఉంది = అర్థం స్పష్టం.

పగటి = ఈ విశేషణాన్ని చాలామంది వ్యాఖ్యాతలు చూడకుండా దాటేశారు. మబ్బు పగలు గొడుగు, రాత్రి దుప్పటి. పగలు ఎండను రానివ్వదు గనక మధ్యాహ్నం చల్లబడుతుంది. రాత్రి నేల వేడిని పైకి పోనివ్వదు గనక తెల్లవారుజాము మామూలు కంటే వెచ్చగానే ఉంటుంది. రాత్రికీ పగటికీ తేడా నాలుగైదు డిగ్రీలకు కుంచించుకుపోతుంది. మరి ఇంటిల్లిపాదీ రాత్రి కూడా వణికారేమిటంటే, అది తడిబట్టల మహిమ. థర్మామీటరు తడవదు కదా.

సాధారణం = ఇది మనిషిని ఉద్దేశించిన మాట కాదు. ముప్పై ఏళ్ల సగటు. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 వరకు. ఆ సగటుకు ఒకటిన్నర డిగ్రీ అటూ ఇటూ ఉంటే సాధారణమే. మూడు డిగ్రీల దాకా తగ్గితే తక్కువ, ఐదు దాకా బాగా తక్కువ, ఆపైన మరీ తక్కువ. అక్టోబరు చివర్లో మా వైపు మధ్యాహ్నం ముప్పై దాటడం మామూలు. మే నెలలో నలభై నాలుగు చూసిన ఒంటికి ఇరవై ఆరంటే హిమాలయం. సూర్యాపేట బస్టాండులో మంకీ క్యాపులు బయటికొస్తాయి. మెడలో తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని, తాగకుండా, పట్టుకోవడానికే కొన్నట్టు కూచుంటాడు.

నమోదవుతాయి = మూలం అన్నది ఉష్ణోగ్రతల గురించే గాని, వాన నమోదయ్యేది పొద్దున 8:30కి. కొలతపాత్రలో నీళ్లు అప్పుడు చూస్తారు. నిన్నటి 8:30 నుంచి ఇవాళ్టి 8:30 దాకా ఒక రోజు. రాత్రి రెండింటికి పరదా లేచిపోయి మామ లుంగీ పైకి కట్టుకుని పరిగెత్తింది ఏ తేదీ కింద నమోదైందో ఈ లెక్కన చెప్పవచ్చు.

అన్వయము:

కోదాడకు ఒక ప్రత్యేకత ఉంది, దానికి రెండు పాఠాలు. హైదరాబాదు కేంద్రం సూర్యాపేట జిల్లా అని ఒకటి చెబుతుంది. నల్లబండగూడెం దాటితే ఆంధ్ర గనక అమరావతి కేంద్రం ఎన్టీఆర్ జిల్లా అని ఇంకొకటి చెబుతుంది. ఒకే మబ్బు, ఇద్దరు టీకాకారులు. కోదాడవాసి రెండూ చదివి, ఏది తక్కువ భయపెడితే దాన్ని నమ్ముతాడు.

హాస్యం ఇక్కడ ఒక్క నిమిషం పక్కన పెట్టాలి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఇదే కోదాడ మీద పడింది ముసురు కాదు. ఊళ్లో వీధులు వాగులయ్యాయి, ప్రాణాలు పోయాయి. నల్లబండగూడెం దగ్గర పాలేరు వాగు హైవే ఎక్కి హైదరాబాదు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమకాలువకు గండి పడింది. ఆ రెండు రోజుల మూలానికి టీక రాసే సాహసం నాకు లేదు. అప్పటి నుంచి కోదాడలో ఎవరైనా "మోస్తరు" అన్న మాట వింటే ముందు చెరువు వైపు చూస్తారని మాత్రం చెప్పగలను.

ఇక మిర్యాలగూడ. పేరులో మిరియాలున్నాయి, ఊళ్లో ఉన్నది బియ్యం. లాల్‌బహదూర్ కాలువ అని కాగితాల్లో, ఎడమకాలువ అని నోళ్లలో ఉన్న సాగర్ నీళ్లు ఈ నేలను వరిమయం చేశాయి. రోడ్డుకు అటూ ఇటూ మిల్లులే, ఊరికి చుట్టూ పొగగొట్టాల ప్రహరీ. మామూలు రోజుల్లో ఇక్కడ వడ్లు ఆరబెట్టుకునే పనే లేదు. కోత మిషను నుంచి ట్రాలీలోకి, ట్రాలీ నుంచి మిల్లుకు, పచ్చి వడ్లు పచ్చిగానే పోతాయి. సన్నరకాలకు ఈ ఊరు పెట్టింది పేరు. అందరి చేలూ ఒకే వారం కోతకొస్తే మిల్లుల ముందు ట్రాక్టర్ల బారు ఊరు దాటుతుంది. కొన్నేళ్ల కింద ఈ తాకిడికి టోకెన్లు కూడా పెట్టారు. ముసురు వారంలో ఆ బారు చూడాలి. ట్రాలీల మీద నీలం, పసుపు, నలుపు పరదాలు, ప్రతి పరదా నడుమ కడవెడు నీటి గుంట, దాన్ని చీపురుకట్టతో కిందినుంచి పొడిచి ఒంపుతున్న మనుషులు. ఒంపిన నీళ్లు వెనక ట్రాలీ డ్రైవరు మీద. ఆయన ఆశీర్వచనాలు ముద్రణకు అనర్హం.

శంక: వడ్లు తడిస్తే ఇంత గోలేమిటి? మిల్లులోనూ వడ్లను నానబెడతారు కదా?

సమాధానం: నిజమే, ఉప్పుడు బియ్యానికి నానబెడతారు. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, అప్పుడు మరాడిస్తారు. అట్లా చేస్తే గింజ గట్టిపడి నూక తగ్గుతుంది. మిల్లు నానబెడితే బాయిల్డ్, మబ్బు నానబెడితే రంగు మారిన ధాన్యం. మొదటిదానికి విలువ పెరుగుతుంది, రెండోదానికి తరుగుతుంది. నీళ్లలో తేడా ఏమీ లేదు. ఎవరు పోశారన్నదాన్ని బట్టి ఫలం.

శంక: స్వాతి కార్తెలో పడిన చినుకు ముత్యమవుతుందంటారే?

సమాధానం: ముత్యపుచిప్పలో పడితే అవుతుందని కవులన్నారు. వడ్లకుప్పలో పడితే మొలకవుతుంది. మామ కుప్ప మీద మూడో రోజు పొద్దున పరదా ఎత్తితే లోపల్నుంచి సన్నగా ఆవిరి లేచింది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టాను. బయట చలికి బిగుసుకున్న వేళ్లకు, సిగ్గుపడుతూ ఒప్పుకోవాలి, ఆ వెచ్చదనం హాయిగా అనిపించింది. కుప్ప ఊపిరి తీస్తుంటే పుట్టే వేడి అది, మంచికి కాదు. గుప్పెడు తీసి చూస్తే గింజల మొనల్లో తెల్లగా, సూది మొనంత. రంగు మాత్రం ముత్యం రంగే.

విశేషాంశములు:

కోసినప్పుడు వడ్లలో తేమ ఇరవై దాటే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టాలంటే పదిహేడు శాతానికి మించకూడదు. ఆ తేడాను పూరించడానికి మా వైపు ఉన్న ఏకైక యంత్రం సూర్యుడు, ఆయన నాలుగు రోజులుగా సెలవులో ఉన్నాడు. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389, సన్నవడ్లకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500. ఈ మూడు అంకెలూ పదిహేడు అన్న నాలుగో అంకె గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడతాయి.

తేమ మిషను గిన్నెలో దోసెడు వడ్లు పోసి మూత బిగిస్తారు. అప్పుడు ఆ చుట్టూ చేరిన ఏడెనిమిది తలల మౌనం ఏ గుళ్లోనూ చూడలేదు. 19.4. "ఇంకో రోజు ఎండబెట్టు పెద్దాయనా" అన్నాడు మిషను పట్టుకున్న పిల్లవాడు. ఎండబెట్టు అన్న క్రియకు కర్త ఎవరని మామ పైకి చూశాడు.

ఇంత రాసేసరికి అయిదో రోజు వచ్చి మబ్బు విడిచింది. ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చి వడ్లు నేర్పింది. ఒక పక్క లారీలు, ఒక పక్క వడ్లు, మధ్యలో స్కూలు పిల్లలు కాళ్లతో చాళ్లు తీసుకుంటూ పోతున్నారు. వాళ్ల యూనిఫాం నుంచి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టిన బట్టల కాలుడు వాసన. ఇంకో రెండు రోజులకు మిషను 16.8 అంది. కాంటా అయింది.

బస్తాకు ఎంత తరుగు తీశారో రాసిన తక్‌పట్టీ మామ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం తిరిగి వస్తుంటే దారిలో, మూలంలో చెప్పినట్టే, అక్కడక్కడా పడింది. ఇంటికొచ్చి కాగితం విప్పితే నీలం సిరా చెదిరి తరుగు కాలంలో అంకె అలుక్కుపోయింది. రెండని మామ చదివాడు. నాకు మూడులా కనిపించింది. అత్త లాంతరు దగ్గర పెట్టుకుని చూసి అయిదంది. మర్నాడు కేంద్రానికి పోయి అడిగితే వాళ్ల పుస్తకం ప్రతిలో అక్కడ ఏమీ రాసి లేదు.

(ఇచట గ్రంథపాతము.)